ఏ సమాధానం?

రాత్రి మూడుంపావుకి ఫోన్ వెలుగులో నా మొహం ఎలా ఉంటుందో నాకు తెలీదు గానీ మా ఆవిడకి బాగా తెలుసు. "మళ్లీ చూస్తున్నావా?" అంది, ఇటు తిరక్కుండానే. చూస్తున్నాను. ఆఫీసు మెయిల్. ఆ టైములో ఎవరూ పంపరు, ఆ సంగతి నాకూ తెలుసు, అయినా వేలితో కిందికి లాగి వదలడం, ఆ చిన్న చక్రం గిర్రున తిరగడం, ఏమీ రాకపోవడం, మళ్లీ లాగడం. అలా ఎన్ని రాత్రులు లాగానో లెక్క లేదు.

సంగతేంటంటే, మా కంపెనీని ఇంకో కంపెనీ కొనుక్కుంది. ఐదు నెలల క్రితం మమ్మల్ని కొందరిని వేరే ఊరి ఆఫీసుకి మారమన్నారు. "ముందు మీరు అక్కడికి షిఫ్ట్ అవ్వండి, మీ రోల్ సంగతి త్వరలో చెప్తాం" అన్నారు. మారాం. పాప స్కూలు మారింది, మా ఆవిడ తన ఉద్యోగం మానేసింది, నేను ఇరవై రెండు అట్టపెట్టెలు సర్దాను. ఆ "త్వరలో" మాత్రం ఇంకా రాలేదు. ఉంచుతారా, తీసేస్తారా, ఇంకో ఊరికి పొమ్మంటారా, ఎవర్ని అడిగినా "పైవాళ్లు చూస్తున్నారు" అంటారు.

ఇరవై రెండు పెట్టెల్లో పదహారే విప్పాం. మిగతా ఆరూ హాల్లో గోడ పక్కన ఒకదాని మీద ఒకటి అలాగే ఉండిపోయాయి. మళ్లీ మారాల్సొస్తే ఎందుకు విప్పడం అని. మొదట్లో అది తెలివైన పనిలాగే అనిపించింది. కొన్నాళ్లకి పాప వాటిలో ఒకదాన్ని లాక్కుని దాని మీద హోంవర్క్ చేసుకోవడం మొదలుపెట్టింది, మేమూ అలవాటు పడిపోయాం. పై పెట్టె మీద మా ఆవిడ మార్కర్‌తో "గోడవి" అని రాసింది. అంటే గోడకి తగిలించేవి.

ఈ ఐదు నెలల్లో నేను చేసిన ప్రార్థన అంతా కలిపితే ఒక్క వాక్యం. "ప్రభువా, సంగతేంటో చెప్పు." చెడ్డ వార్తైనా పర్లేదు, చెప్పెయ్, మనసు స్థిమితపడుతుంది, అని బేరం కూడా పెట్టాను. నిజానికి చెడ్డ వార్త కంటే ఏ వార్తా లేకపోవడమే ఎక్కువ నలిపేస్తుంది. ఉద్యోగం పోయిందని తెలిస్తే ఇంకోటి వెతుక్కోవచ్చు, ఏడవచ్చు, కోప్పడొచ్చు. ఏమీ తెలియనప్పుడు మాత్రం మనిషి రెండు కాళ్లూ రెండు పడవల మీద పెట్టుకుని నిలబడాలి, పైగా ఆ పడవలు ఎటు పోతున్నాయో కూడా తెలీదు.

విశ్వాసులమైన మనకి ఓదార్చే మాటలకి కొరత లేదు. "దేవుని దగ్గర మంచి ప్లాన్ ఉంది బ్రదర్" అన్నారు. సూర్యోదయం బొమ్మ మీద యిర్మీయా 29:11, అంటే మీ గురించి నాకు మంచి ఉద్దేశాలున్నాయని దేవుడు చెప్పే బైబిల్ వచనం, ముగ్గురు పంపారు, ఒకే బొమ్మ. వాళ్లని తప్పు పట్టట్లేదు, నేనూ ఇలాంటివి ఎందరికో పంపాను. కానీ పంపడానికీ అందుకోడానికీ మధ్య ఎంత దూరముందో అందుకున్నప్పుడే అర్థమైంది.

ఒక ఆదివారం ఆరాధన అయ్యాక కుర్చీలు మడిచి గోడకి చేరుస్తున్నాను. పక్కన ఒక ఆంటీ పాటల పుస్తకాలు ఏరి బల్ల మీద పేరుస్తున్నారు. చాలా ఏళ్లు నర్సుగా చేసి రిటైర్ అయినావిడ. "ఎలా ఉన్నావు బాబూ?" అన్నారు. బాగున్నానండీ అనే అలవాటు మాట రాకముందే నా నోట్లోంచి నిజం వచ్చేసింది. "ప్రార్థన చేస్తూనే ఉన్నాను ఆంటీ, సమాధానం రావట్లేదు."

ఆవిడ పుస్తకాలు పేర్చడం ఆపకుండానే, "ఏ సమాధానం?" అన్నారు.

సరిగ్గా వినపడలేదేమో అనుకున్నాను. "అదే ఆంటీ, ఉద్యోగం ఉంటుందో లేదో, ఇక్కడ ఉంటామో లేదో..."

"అది జవాబు. నేనడిగేది సమాధానం సంగతి."

నాకు వెంటనే ఎక్కలేదు. ఆవిడే చెప్పారు. నైట్ డ్యూటీలో పేషెంట్లు రాత్రంతా అడుగుతూనే ఉంటారట, రిపోర్ట్ వచ్చిందా సిస్టర్, ఏం రాశారు సిస్టర్ అని. "నా చేతిలో రిపోర్ట్ ఉండేది కాదు. తెల్లారి డాక్టర్‌గారు వస్తే గానీ తెలీదు. నేను కుర్చీ లాక్కుని పక్కన కూర్చునేదాన్ని. కాసేపటికి కొంతమంది నిద్రపోయేవాళ్లు. రిపోర్ట్ తెలిసి నిద్రపోయారంటావా మరి?" అని, ఒక పుస్తకం అట్ట ఊడిపోతే దాన్ని విడిగా పక్కన పెట్టి, వెళ్లిపోయారు.

ఇంటికెళ్లే దారంతా ఆ మాటే. చిన్నప్పటినుంచీ వింటున్న మాట, ఒక్కసారైనా ఆగి చూడలేదు. మామూలు తెలుగులో సమాధానం అంటే ప్రశ్నకి జవాబు. పరీక్ష పేపర్‌లో ఉండేది. చర్చిలో మాత్రం సమాధానం అంటే మనశ్శాంతి, ఏ అలజడీ లేని స్థితి. బైబిల్లో దేవుని సమాధానం అని చదువుతాం, "మీకు సమాధానం కలుగును గాక" అంటాం. రెండూ ఒకే మాట. నేను ఐదు నెలలుగా మొదటిదాని కోసం తలుపు కొడుతున్నాను. వాక్యంలో మాటిచ్చింది రెండోది. ఇంగ్లీషులో ప్రార్థన చేసేవాళ్లకి ఈ చిక్కు రాదేమో గానీ, మన భాషలో పుట్టినందుకు నాకు మాత్రం ఆ చిక్కులోంచే దారి దొరికింది.

ఆ మధ్యాహ్నం బైబిల్లో పౌలు ఫిలిప్పీ పట్టణంలోని విశ్వాసులకి రాసిన ఉత్తరం, ఫిలిప్పీయులకు రాసిన పత్రిక, మొదటినుంచి చివరిదాకా ఒక్క ఊపున చదివాను. నాలుగే అధ్యాయాలు, అరగంట కూడా పట్టదు. నాకు కంఠతా వచ్చిన వచనం చివరి అధ్యాయంలో ఉంది: "దేనినిగూర్చియు చింతపడకుడి గాని ప్రతి విషయములోను ప్రార్థన విజ్ఞాపనములచేత కృతజ్ఞతాపూర్వకముగా మీ విన్నపములు దేవునికి తెలియజేయుడి. అప్పుడు సమస్త జ్ఞానమునకు మించిన దేవుని సమాధానము యేసుక్రీస్తువలన మీ హృదయములకును మీ తలంపులకును కావలియుండును." దీన్ని విడిగా చదివితే ఎవరో ప్రశాంతంగా పడక్కుర్చీలో కూర్చుని సలహా ఇస్తున్నట్టుంటుంది. మొత్తం పత్రిక చదివితే అలా ఉండదు. పౌలు సంకెళ్లలో ఉన్నాడు. బతుకుతాడో చస్తాడో తనకే తెలీదు, మొదటి అధ్యాయంలో ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి తూస్తాడు. రెండో అధ్యాయంలో తన తోటి సేవకుడు తిమోతిని పంపే విషయం వస్తుంది. తనకేం జరగబోతోందో తేలగానే పంపుతానంటాడు. అంటే ఆయన కూడా "పైవాళ్లు చూస్తున్నారు" అనే స్థితిలోనే ఉన్నాడు! ఆ వాక్యాన్ని ఇన్నేళ్లూ ఎలా దాటేశానో నాకే అర్థం కాలేదు. అదే అధ్యాయంలో ఫిలిప్పీవాళ్లు తన దగ్గరికి పంపిన ఎపఫ్రొదితు చావుబతుకుల దాకా వెళ్లొచ్చాడని, అతన్ని మీ దగ్గరికి పంపితే నా దుఃఖం కాస్త తగ్గుతుందని కూడా రాస్తాడు. దుఃఖం లేదనలేదు. తగ్గుతుందన్నాడు. చింతపడకుడి అని రాసిన చేతే అదీ రాసింది.

ఇంకోటి. ఆ "కావలియుండును" అన్నచోట గ్రీకు మూలంలో ఉన్నది సైనికులు కాపలా కాయడానికి వాడే మాట. దమస్కులో పౌలుని పట్టుకోవడానికి పట్టణం చుట్టూ కాపలా పెట్టారని 2 కొరింథీయులు 11లో ఉంది చూడండి, అక్కడా ఇదే క్రియ. ఆ రాత్రి ఆయన్ని గోడ కిటికీలోంచి గంపలో దింపితే తప్పించుకున్నాడు. ఫిలిప్పీ రోమా వాళ్ల వలస పట్టణం, అక్కడివాళ్లకి కాపలా అంటే ఏంటో ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు. కాపలావాడు లోపలివాళ్లకి రేపటి వార్తలు మోసుకురాడు. బయట నిలబడతాడు, అంతే. లోపలివాళ్లు ఆ రాత్రి పడుకుంటారు. నాకు మళ్లీ ఆంటీ లాక్కున్న కుర్చీ గుర్తొచ్చింది.

సరే, అర్థమైంది. అర్థమవ్వగానే శాంతి వచ్చేసిందా అంటే, రాలేదు. సోమవారం రాత్రి మళ్లీ మూడింటికి మెలకువ వచ్చింది. అప్పుడు ఒక పని చేశాను. ఫోన్ బదులు పాప పాత నోట్‌బుక్ ఒకటి తీసి, వంటింట్లో లైటు వేసుకుని, "ప్రభువా" అని మొదలుపెట్టి రాశాను. రాస్తుంటే తెలిసిన విషయం ఏంటంటే, ఐదు నెలలుగా నేను ప్రార్థన అనుకుంటున్నదాంట్లో చాలా భాగం ప్రార్థనే కాదు. కళ్లు మూసుకుని చింతపడటం. మధ్యమధ్యలో "ప్రభువా" అని తగిలించడం. మాటలు రెంటిలోనూ అవే. ఎవరితో మాట్లాడుతున్నామన్నదే తేడా. చింతలో నాతో నేనే మాట్లాడుకుంటాను, నా దగ్గర జవాబు లేదు కాబట్టి అది తిరిగి తిరిగి మొదటికే వస్తుంది.

ఆ రాత్రి పేజీలో ఉన్నది ఇది: "ఇవాళ మేనేజర్ లిఫ్ట్ దగ్గర నా వైపు చూడకుండా వెళ్లిపోయాడు. దానికి అర్థమేంటా అని మధ్యాహ్నం నుంచీ ఆలోచిస్తున్నాను. నాకు భయంగా ఉంది. మా ఆవిడ నా మాట నమ్మి ఉద్యోగం మానేసింది. ఇది తప్పయితే ఆ తప్పు నాది." ఆ చివరి వాక్యం రాసేదాకా నా భయం అదేనని నాకే తెలీదు. ఉద్యోగం పోతుందని కాదు, నన్ను నమ్మినవాళ్లని ముంచానేమోనని. "మీ విన్నపములు తెలియజేయుడి" అంటే దేవుడికి తెలీదని కాదు కదా, తెలియజేస్తే గానీ మనకి తెలియదు. ఇక "కృతజ్ఞతాపూర్వకముగా" అన్న మాట దగ్గర చాలాసేపు పెన్ను ఆగిపోయింది. చివరికి "పాపకి జ్వరం తగ్గింది" అని రాశాను, అంతే దొరికింది. వెళ్లి పడుకున్నాను. నిద్ర పట్టింది. అద్భుతం ఏమీ కాదు, మూడు గంటల నిద్ర. కానీ మెయిల్ చూడకుండా పట్టిన నిద్ర.

ఇక్కడ నా పరువు తీసిన సంగతి ఒకటి చెప్పాలి. ఇదంతా మొదలైన రెండు వారాలకి ఆఫీసులో ఒకతను నన్ను పక్కకి లాగి, "మీ డిపార్ట్‌మెంట్ సేఫ్ అంట, పైనుంచి విన్నాను" అన్నాడు. నా గుండె మీంచి బండ దిగినట్టయింది. ఆ ఆదివారం నేను లేచి నిలబడి సాక్ష్యం చెప్పాను. దేవుడు నాకు గొప్ప సమాధానం ఇచ్చాడని, ఆయన నమ్మదగినవాడని, గొంతు పూడుకుపోతుంటే చెప్పాను, అందరూ ఆమెన్ అన్నారు. ఇంకో పది రోజులకి మా డిపార్ట్‌మెంట్లోనే ఇద్దరికి లెటర్లు వచ్చాయి. అతను విన్నది వేరే డిపార్ట్‌మెంట్ గురించట.

ఆ రోజు సాయంత్రం నా సమాధానం ఏమైపోయిందో వెతుక్కుంటే లేదు. ఒక్క చుక్క కూడా. అప్పుడు నిజాయితీగా ఒప్పుకోవాల్సి వచ్చింది, నేను సాక్ష్యం చెప్పింది శాంతి గురించి కాదు, ఊరట గురించి. మంచి వార్తతో వచ్చింది, చెడ్డ వార్తతో పోయింది. ఊరట తప్పని అనను, దానికీ దేవుడికి థాంక్స్ చెప్పాలి. కానీ అది ఎవరికైనా వస్తుంది, దానికి విశ్వాసం అక్కర్లేదు. మన సంఘాల్లో "ఈ విషయంలో నాకు సమాధానం ఉంది" అని నిర్ణయాల మీద ముద్ర గుద్దేస్తూ ఉంటాం, అందులో ఎన్నిసార్లు మనకి ఇష్టమైనది మనకి దొరికినందుకు కలిగిన హాయి మాత్రమేనో అని ఇప్పుడు అనుమానం వస్తుంది. ఇలా అంటే కొందరికి కోపం రావచ్చు. నా సాక్ష్యమే ఇలా తేలింది కాబట్టి నాకు అనే హక్కుంది.

మరుసటి ఆదివారం చర్చికి వెళ్లాలంటే సిగ్గేసింది. వెళ్లాను. పాస్టర్ అయ్యగారు ఏమీ అడగలేదు, చెయ్యి గట్టిగా పట్టుకుని వదిలారు. ఆంటీ మాత్రం, "లెటరు వచ్చినవాళ్ల పేర్లు చెప్పు, ప్రార్థన చేస్తాను" అన్నారు. నాకు అప్పటిదాకా వాళ్ల కోసం ప్రార్థించాలనే తట్టలేదు. నాకు రాలేదు కదా అనే సంతోషంలోనో, రేపు నాకూ వస్తుందనే భయంలోనో ఉన్నాను.

శాంతి వచ్చి ఉండిపోతుందని ఎందుకో అనుకునేవాణ్ణి, ఒకసారి వచ్చాక పోతే తప్పు నాదేనని. నిర్గమకాండం 16లో మన్నా గురించి, అంటే అరణ్యంలో ఇశ్రాయేలీయులకి దేవుడిచ్చిన ఆహారం గురించి, చదువుతుంటే ఆ ఆలోచన సడలింది. ఏ రోజుది ఆ రోజే ఏరుకోవాలి. కొందరు తెలివిగా మర్నాటికి దాచుకుంటే పురుగులు పట్టి కంపుకొట్టింది. విశ్రాంతి దినానికి ముందురోజు ఏరుకున్న రెండింతలే పాడవలేదు. అలా నలభై ఏళ్లు. ఆరు నెలలకి సరిపడా ఒకేసారి ఇచ్చేస్తే గోల వదిలేది కదా అని ఇశ్రాయేలీయులకి అనిపించి ఉండదా? నాకైతే అనిపించేది. సోమవారం నాటి ప్రశాంతతని గురువారానికి వాడుకోబోతే అది పాచిపోతుంది, ఎన్నిసార్లు చూశానో. "ఏనాటికీడు ఆనాటికి చాలును" అని యేసు అన్నది కూడా ఈ లెక్కే. అందులో కీడు లేదనలేదు, ఒక రోజుకి సరిపడా ఉందనే అన్నాడు.

ఒక మాట మధ్యలో చెప్పేస్తాను. ప్రార్థన చేస్తే చాలు, మిగతావి అవిశ్వాసం అనేవాళ్ల మాట వినకండి. నేను రెజ్యూమె సరిచేసుకున్నాను, మూడు చోట్ల పంపాను, ఇంట్లో ఖర్చులు రాసుకున్నాం. నిద్ర లేక తల తిరుగుతుంటే డాక్టర్ దగ్గరికీ వెళ్లాను. బైబిల్లో ఏలీయా ప్రవక్త ఇక చచ్చిపోతాను చాలన్నప్పుడు దూత వచ్చి ఉపదేశం మొదలుపెట్టలేదు, లేచి తినమన్నాడు. తిని మళ్లీ పడుకుంటే రెండోసారీ లేపి తినమన్నాడు. దేవుడి సన్నని స్వరం వినపడింది ఆ తర్వాత, చాలా దూరం నడిచాక.

ఇక ఆ సూర్యోదయం బొమ్మ వచనం. దాని మీద కోపంతోనే ఒకరోజు యిర్మీయా 29 తెరిచాను. "నేను మిమ్మును గూర్చి ఉద్దేశించిన సంగతులను నేనెరుగుదును" అని దేవుడంటాడు, అవి "సమాధానకరమైన ఉద్దేశములే" అంటాడు. గమనించారా, ఎరుగుదును అన్నది ఆయన. మీరు తెలుసుకుంటారు అనలేదు. ఇదంతా బబులోనుకి చెరపట్టబడి వెళ్లినవాళ్లకి రాసిన ఉత్తరం. దాని ముందు వచనంలోనే డెబ్బై సంవత్సరాలు అని ఉంది, బొమ్మ మీద ఆ వచనం ఎవరూ వెయ్యరు. దాని ముందు అధ్యాయంలో హనన్యా అనే ప్రవక్త రెండేళ్లలో అంతా సర్దుకుంటుందని, అందరూ తిరిగొచ్చేస్తారని గుడిలో నిలబడి చెప్పాడు. అది అబద్ధమని తేలింది. నాకు ఆఫీసులో పక్కకి లాగి చెప్పినతను గుర్తొచ్చి నవ్వొచ్చింది పాపం, అతను నా మంచికే చెప్పాడు. అదెంత కమ్మటి అబద్ధమో ఆ రోజు యెరూషలేములో విన్నవాళ్లకీ అనిపించి ఉంటుంది. డెబ్బై ఏళ్లు అన్నవాణ్ణి ఎవరు ప్రేమిస్తారు?

మరి ఆ డెబ్బై ఏళ్లు ఏం చెయ్యమన్నాడు దేవుడు? ఇళ్లు కట్టుకుని కాపురముండండి, తోటలు నాటి వాటి ఫలాలు తినండి, ఆ పట్టణం క్షేమం కోసం ప్రార్థన చెయ్యండి. వాళ్లకి ఇష్టం లేని పట్టణం అది. పెట్టెలు విప్పకుండా కూర్చోమని మాత్రం ఎక్కడా లేదు.

చదువుతూ తలెత్తితే ఎదురుగా ఆ ఆరు పెట్టెలూ. ఒకదాని మీద పాప గుణకారాలు చేస్తోంది. "నాన్నా, మనం మళ్లీ వెళ్లిపోతామా?" అని అది చాలాసార్లు అడిగింది, ప్రతిసారీ ఏదో ఒకటి చెప్పి దాటేసేవాణ్ణి. ఆ రోజు అది అడగలేదు. నేనే పక్కన కూర్చుని చెప్పాను. "మనం ఉంటామో వెళ్తామో నాన్నకి తెలీదమ్మా." అది పెన్సిల్ ఆపి నా మొహంలోకి చూసి, "అమ్మకి?" అంది. "అమ్మకీ తెలీదు." "దేవుడికి?" "తెలుసు." కాసేపు ఆలోచించి, "అయితే ఈ పెట్టె తీసేస్తే నేను ఎక్కడ రాసుకోవాలి?" అంది.

ఆ శనివారం కూర్చుని ఐదు విప్పాం. ఒకటి పాపకి వదిలేశాం, బల్ల దొరికేదాకా. ఉద్యోగం సంగతి ఈ వారం కూడా ఏమీ తేలలేదు, నెలాఖరుకి చెప్తామన్నారు, పోయిన నెలాఖరుకీ అలాగే అన్నారు. లెటర్లు వచ్చిన ఇద్దరిలో ఒకతనికి వేరే చోట పని దొరికింది, ఇంకొకామె కోసం నోట్‌బుక్‌లో రోజూ ఒక లైను ఉంటోంది. ఫోన్ ఇప్పుడు హాల్లో ఛార్జింగ్‌లో పెట్టి పడుకుంటున్నాను. నిన్న రాత్రి మెలకువ వచ్చి లేచి హాలు దాకా వెళ్లిన మాట నిజం. "గోడవి" పెట్టెలోంచి తీసిన గడియారం కొత్తగా తగిలించాం కదా, మూడూ పది చూపిస్తోంది. దాని కిందే కాసేపు నిలబడి, చెప్పాల్సింది చెప్పుకుని, ఫోన్ ముట్టుకోకుండా వెనక్కి వచ్చి పడుకున్నాను.

మేకు కొట్టింది నేనే. అది కొంచెం వంకరగా ఉందని మా ఆవిడ అంటోంది.